ఫిర్యాదు బండ

హుసేనమ్మా, ఆ మిషన్ రొంత ఆపు.
చెప్తా.

విమానం చార్జీ కొన్నోళ్లే పెట్టిరి.
మన నిడుజివ్వి నల్లబండలు, ముప్పై గజాలు,
రెండేండ్లకే తెల్లబడినాయంట.
వచ్చి నీ కండ్లతో చూసి పొమ్మనిరి.

కార్డిగన్‌షైర్.
మన జిల్లా మాదిరే జనం నోట్లో పేరొకటి, బోర్డు మీద పేరొకటి.
తారు మీద తెల్లటి అక్షరాలు, మలుపు మలుపుకూ: అరఫ్.
ఎంత పెద్దూరబ్బా ఈ అరఫ్, ఎంతకీ అయిపోదే అనుకుంటి.
మెల్లగా పొమ్మని అర్థమంట, వాళ్ల భాషలో.

దోవలో ఒక సంత.
జీవాలకు ఒళ్లంతా ఉన్నే, మూతులు మాత్రం మసి.
ఒక ముసలాయన గొర్రె వీపున చెయ్యేసి వెన్ను ఒత్తి చూసె,
అచ్చం మీ నాయనే.
ధర మాత్రం పైకే అరుస్తారు,
తువ్వాల కింద వేళ్లు పట్టుకునేది లేదు.

వానా?
మనకు యాడాదికి పడేది అక్కడ వారంలో పడె.
ఒక్కరన్నా తలెత్తి చూడల్లే.

నెరిస్ అని, అరవై దాటిన మనిషి, టీ అంగడి.
వాకిలి దిగి నాలుగడుగులేస్తే సముద్రం.
నేను మోకాళ్ల మీద కూచోని బండలు తడిమినా.
మనవే.
అంచున ఉలి గాటు ఎడమపక్కకు వాలింది.
ఎర్రగుంట్ల మొత్తానికి ఎడంచేత్తో కొట్టేది నువ్వే గదా.
ఉప్పుగాలి తినీ తినీ
పొయ్యి కింద బూడిద రంగుకొచ్చినాయి.

నూనె పూస్తే మళ్లీ నల్లగైతాయమ్మా, అంటి.
ఆయమ్మ నూనె తేలేదు, కెటిల్‌లో మిగిలిన నీళ్లు పోసె.
తడిసినంత మేరా నలుపు తిరిగొచ్చె,
నలుపులో సన్నగా ముడతలు, వరసలు వరసలుగా.
ఇవి అలలు కదా, అనె.
మీది కూడా సముద్రం ఒడ్డేనా?

కాదమ్మా,
మాకు తాగే నీళ్లే ట్యాంకర్‌లో వస్తాయి, అంటి.

ఆయమ్మ బండ దిక్కు చూసె, నా దిక్కు చూసె,
రెండో టీకి దుడ్లు తీసుకోలేదు.
బిల్లులో మాత్రం సగం కోసిరి.
సేటు వారం నుంచి నాతో మాట్లాడడు.

నువ్వేమో దుడ్ల మాట యిడిసిపెట్టి
నా గాటు ఇంకా ఉండాదా, అని అడుగుతాండావు.

ఉండాది.
సముద్రం పోటెక్కిన పొద్దు అల వాకిలి దాకా వచ్చి పోతాది.
నీళ్లన్నీ వెనక్కి జారిపోయినంక కూడా
నురగ ఆ గాట్లో
రొంచేపు నిలబడి ఉంటాది.