అంటు

నాలుగు గంటలు. అంతసేపూ రక్తం
కంచిలి బస్సులా
ఒంట్లోంచి గొట్టంలోకి పోతూ, వస్తూ.

కవిటి ఆసుపత్రి. మంగళవారం.
నాలుగో మంచం మీద తవిటయ్య.
ఉద్దానంలో ఎన్నో జీడితోటలకు
అంటు కట్టిన చెయ్యి అది.
ఇప్పుడా చేతికే ఫిస్టులా: వేలు ఆనిస్తే
లోపల తుమ్మెదల రొద.

ఐదో మంచం డిల్లేసు
ఫోన్లోది పైకి చదువుతున్నాడు:
గేదె చెవి నుంచి గోరంత తోలు తీసి,
వేరే గేదె అండంలోని గింజ తోడేసి,
ఆ ఖాళీలో ఈ కణం పెట్టి
చిటికెడు కరెంటు ముట్టిస్తే
అదే గేదె మళ్లీ పుడుతుందట.
"మనకీ ఒకణ్ణి సేయించుకుంటే తాతా,
కిడ్నీకి ఎవుల కాళ్లూ పట్టక్కర్లేదు."

తవిటయ్య నవ్వాడు. మిషను కీచుమంది.
లేచి గొట్టం సరిచేశాను.

"అందులో కొత్తేటుందిరా?
ఓ సీలిక సీల్చి, తల్లి సెట్టు కొస దూర్చి
రిబ్బను సుట్టీడమే.
నాను కట్టినవి లచ్చ పైమాటే, అన్నీ ఒక్క తల్లివే.
పదిట్లో మూడు ఎండిపోతాయి.
నీ గేదికి ఎన్ని పోతే ఒకటి బతికిందో
రాసినారేటి?"

డిల్లేసు వేలితో కిందికి జరిపాడు.
రాశారు. చిన్న అక్షరాల్లో.
పైకి చదవలేదు.

"నుయ్యి పక్కన పెట్టింది మాగంలో పూస్తాది.
మెరక మీదది పాలుగునం దాకా మొకం సూపదు.
ఒకే కొమ్మరా రెండూ."

చాలాసేపు ఫ్యాను చప్పుడే.

"ఆడూ పుడతాడు గదరా.
ఓ ఆడకూతురు మొయ్యాల, పాలియ్యాల.
జీడిపండు రసం సొక్కాకి పూసుకుంటాడు,
తన్నులు తింతాడు.
అప్పుడు నాను ఎల్లి
'బాబూ, నువ్వు నా గాదివిరా' అనాల.
ఏ నోటితోటి?
అయినా ఆడు తాగేదీ ఈ నీల్లే గదా.
ముందు ఈ రోగం ఎలగొచ్చిందో సెప్పమను."

గంటలు నిండాయి. సూదులు తీసి
దూది అదిమి పట్టుకున్నాను.
ఆయనకి చెప్పలేదు,
నేనూ ఒక నకలునేనని.

అక్కా నేనూ ఒకే అండం చీలి పుట్టాం.
అదే ముక్కు. అదే గొంతు.
దాని కిడ్నీలు పోయిన ఏడు
ఇంట్లో అందరి చూపూ నా నడుం మీదే.

ఇచ్చాను.
అడగ్గానే కాదు, మూడు రాత్రుల తర్వాత.

ఆ మూడు రాత్రులూ
పెరట్లో, తిరగేసిన బిందె మీద
తెల్లారేదాకా కూచున్నది
నేనొక్కదాన్నే.