లాభం, రెండు, మూడు

యార్కు నుంచి ఉత్తరం వచ్చింది.
పాత పోస్టాఫీసు పక్క సందులో మా చర్చి ఆఫీసుకి
జూలైలో వచ్చే కవర్లన్నీ కాస్త ఉబ్బే వస్తాయి.

రాసినావిడ మిసెస్ ఎల్లర్బీ.
తనకి ఏడు తరాల వెనక ఒకాయన
ఇక్కడ కుంపినీ గిడ్డంగి డాబా మీద
దుర్భిణి పెట్టుకుని ఆకాశం చూశాడట.
ఆయన తండ్రి గడియారాలు బాగుచేసేవాడు,
తాత గొర్రెలు కాసేవాడు,
ముత్తాత పక్కూరి గొర్రెని ఎత్తుకొచ్చి జైలుకెళ్ళాడు.
అన్నీ దొరికాయి ఆవిడకి, గొర్రెతో సహా.
ఒక్క గడి ఖాళీ.
విశాఖపట్నంలో పుట్టి, ఆరేళ్ళకి ఓడెక్కిన
ఆయన కొడుక్కి
తల్లెవరు?

రిజిస్టరు తీశాను.
చెదలు తిన్నంత తిని
మిగతాది మనకి వదిలాయి.
బాప్తిస్మం పొందిన బిడ్డ: జాన్.
తండ్రి: థామస్ ఎల్లర్బీ, నక్షత్రాలు చూచువాడు.
తల్లి: ఈ దేశపు మనిషి.
పక్కన ఒక పేరు పట్టేంత చోటుంది,
అరంగుళం.
గుమాస్తాకి భోజనం వేళయిందేమో.

దొర సమాధి సోల్జర్‌పేట వెనక ఉంది.
పేరు మీద నాచు, అంకెల మీద కాకిరెట్ట.
క్రికెట్ ఆడే గుంటలకి అది వికెట్టు.

ఉత్తరంతో పాటు ఆవిడ పంపిన జిరాక్సులో
సూర్యుడి మీంచి వేగుచుక్క నడిచిన రోజుంది.
ఉప్పుగాలికి గడియారం ఆగిపోయిందని మొదటి వాక్యం.
ఆ తర్వాత అన్నీ అంకెలు,
ప్రతి వరస తలమీదా ఒక మాట: లబ్బమ్.
మాంచెస్టరు ప్రొఫెసరొకాయన అరబ్బీ అన్నాడట.
ఇంకొకాయన పోయిన పరికరం అన్నాడట.
ఆవిడ అడుగుతోంది,
మీ ఊళ్ళో లబ్బమ్ అనే చోటు ఏదైనా ఉందా?

నాకూ తెలీలేదు, నిజం చెప్పొద్దూ.
మూడు రోజులు సొరుగులో పెట్టి మర్చిపోయాను.

శుక్రవారం హార్బరులో
గరికిన ఎర్రమ్మ నా సంచిలోకి కానాగంతలు వేస్తోంది.
లాభం, రెండు, మూడు, నాలుగు...
నా చెయ్యి సంచి వదిలేసింది.
ఏటమ్మా, లెక్క తప్పిందా?
లేదు, ఒకటి అనవేం?
ఒకటంటే ఒంటి కదేటమ్మా,
ఒంటితో ఎవులు మొదలెడతారు?
అని తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది,
ఆగిందని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

చేపలు నేలమీదే ఉన్నాయి,
నేను ఆ డాబా మీదున్నాను.
ఆయన కన్ను దుర్భిణికి అతుక్కుపోయింది.
కదలకూడదు, నోరు మెదపకూడదు.
చచ్చిన గడియారం బదులు
ఎవరో సముద్రం వైపు తిరిగి
గుండె కొట్టుకున్నట్టు లెక్కపెడుతున్నారు.
విన్నది విన్నట్టు రాసుకున్నాడు.
ఏ వరసా 'ఒకటి'తో మొదలవలేదు.

ఇది సాక్ష్యం కాదు, తెలుసు.
ధాన్యం కొలిచే బంట్రోతు అయుండొచ్చు.
వాళ్ళూ లాభమే అంటారు.
కానీ ఆ కాయితం అడుగున
ఆవిడ వంటకాల మరక అనుకున్న చోట
భూతద్దం పెడితే మూడు ముక్కలున్నాయి.
*పిల్లవాడు ఏడ్చాడు.
అరవై నాలుగు దగ్గర లెక్క పోయింది.
మళ్ళీ లబ్బమ్.*

బంట్రోతు బిడ్డ ఏడిస్తే
సూర్యుడి లెక్క ఎందుకు ఆగుతుంది?

జవాబు మూడుసార్లు రాశాను.
మొదటిది పొడుగైంది.
రెండోదాంట్లో ఏడుపొచ్చేలా ఏదో రాసి చింపేశాను.
మూడోది ఇది:
అమ్మా, మీరు వెతికే మనిషి పేరు మా దగ్గర లేదు.
గొంతు మాత్రం మీ దగ్గరే ఉంది,
ఆరో పేజీలో.

పోస్టు చెయ్యలేదింకా.
లాభం అంటే ఏమిటో కింద రాయాలి కదా.
కుంపినీ వాళ్ళ మునిమనవరాలికి
ఆ మాట ఎలా చెప్పినా
డబ్బులాగే వినిపిస్తుంది.