పడిశం మందు

సప్పోరోలో మంచు పడే రాత్రుల్లో
మా మందుల షాపు గాజు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
తెరుచుకున్న ప్రతిసారీ ఒక గంట, రెండు స్వరాలు.
పదకొండేళ్లుగా వింటున్నాను.
సెలవు రోజున నిద్రలో కూడా
ఎవరో లోపలికొస్తూనే ఉంటారు.

ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు
స్కూలు కోటు భుజాల మీద మంచు ఇంకా కరగలేదు.
పసుపు డబ్బా ఒకటి కౌంటర్ మీద పెట్టింది.
"ఎవరికి?"
"అమ్మకి. పడిశం."

పద్దెనిమిది నిండనివాళ్లకి ఒక్కటే ఇవ్వాలి.
పేరడగాలి, వయసడగాలి,
ఇంకో షాపులో కొన్నావా అని కూడా అడగాలి.
అడిగాను.
ఎక్కం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పింది.
పేరు హొనామి అంది.

తర్వాతి శుక్రవారం పేరు రింకా.
ఆ పై వారం చితోసె.
అది మా విమానాశ్రయం పేరు.
నేను నవ్వలేదు, తనూ నవ్వలేదు.
అమ్మకి మాత్రం అదే పడిశం.
పడిశం పది రోగాల పెట్టు అంటారు.
పదకొండోది నా ఎదురుగా నిలబడి
చిల్లర లెక్కపెడుతోంది.

ఒకసారి నలుగురొచ్చారు,
ఒకరినొకరు ఎరగనట్టు, విడివిడిగా,
ఒకే షాంపూ వాసనతో.
నాలుగు డబ్బాలు, నాలుగు రసీదులు.
నియమం ఎక్కడా తప్పలేదు.
"జాగ్రత్తగా వెళ్లండి" అన్నాను నాలుగుసార్లు.
అదీ జీతంలో భాగమే.

పొద్దున్నే షాపు వెనక మంచు ఎత్తిపోస్తుంటే
కూల్‌డ్రింకుల మిషన్ పక్కన దొరికాయి ఖాళీ రేకులు.
ప్రతి గుంటా నొక్కేసి ఉంది
పాలపళ్లు ఊడిన చిగుళ్లలా.
ఒకదాని వెనక కాటుక పెన్సిల్‌తో
వంకర అక్షరాలు:
"ఇవాళ మెట్లు మెత్తగా ఉన్నాయి."
మూడుసార్లు చదివాను.
చెత్తలో వెయ్యబోయి ఏప్రాన్ జేబులో వేసుకున్నాను.

"ఎందుకు చేస్తారో ఈ పిల్లలు" అన్నారు మేనేజర్ ఒగసవర గారు,
టీ ఊదుకుంటూ.
ఫోన్లు, తల్లిదండ్రులు, ఈ కాలం,
జవాబు కూడా తనే చెప్పుకున్నారు.
నా పదహారో ఏట
ఒతారు రేవుకి నడిచి వెళ్లి
ఆఖరి ఓడ దీపం మునిగేదాకా చలిలో నిలబడేదాన్ని,
నన్నెక్కడికీ తీసుకెళ్లకుండా వెళ్లిపోయిందని కాసేపు ఏడ్చి
అన్నం వేళకి ఇంటికి.
అది అంత మంచి జవాబు కాదు. చెప్పలేదు.

ఫిబ్రవరిలో అంబులెన్సు వచ్చింది.
నలుగురిలో కురచ జుట్టు పిల్లని ఎక్కించారు.
కళ్లు తెరిచే ఉన్నాయి,
ఎవరినీ చూడటం లేదు.
బూటొకటి మంచులో ఉండిపోయింది.
తెచ్చి కౌంటర్ కింద పెట్టాను.
మూడు రోజులదాకా లోపలి తడి ఆరలేదు.
గంట మోగినప్పుడల్లా కాలు దానికే తగిలేది.

మార్చిలో, మంచు బురదైపోయిన ఓ సాయంత్రం,
హొనామి, రింకా, చితోసె,
అందరూ కలిసి ఒక్కతే వచ్చింది.
ముక్కు కందిపోయింది. గొంతు లేదు.
"ఈసారి నాకే" అంది. "నిజంగా."

నిజమే. పదకొండేళ్లలో ఆ మాత్రం చూడగలను.
పసుపు డబ్బా వైపు నా చెయ్యి వెళ్లి
గాల్లోనే ఆగిపోయింది.
ఇద్దరం ఆ చేతినే చూశాం.

అల్లం బిళ్లలు తీశాను, నిమ్మ పొడి పొట్లం, మెత్తటి టిష్యూలు.
"మందేస్తే వారం" అన్నాను,
"వెయ్యకపోతే ఏడు రోజులు."
నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గయింది,
కౌంటర్ అంచు పట్టుకుని చాలాసేపు దగ్గింది.

తర్వాత బూటు అడిగింది.
ఎలా తెలుసో నేనడగలేదు.
"ఇంకా సరిగ్గా నడవట్లేదు తను.
అయినా ఇస్తాను."

దొరికిన వస్తువుల పుస్తకం తెరిచి
"పేరు?" అన్నాను.
"బిదాబో."
కలం ఆగింది.
దిబ్బడేసిన ముక్కు చీది,
"మినామో" అంది.

"మళ్లీ చెప్పు."

మళ్లీ అదే పేరు చెప్పింది.