తొంభై ఐదు శాతం

సెమెయ్ ఆసుపత్రి, ఎక్స్‌రే గది, రాత్రి డ్యూటీ.
బయట ఇర్తిష్ నది గడ్డకట్టింది,
తాగినవాళ్ళు దాని వీపు మీదుగా ఇళ్ళకి పోతున్నారు.

పేషెంట్లు లేని గంటల్లో
పాత కంప్యూటర్లో ఒక పిల్లని తయారుచేస్తున్నాను.
పేరు బోతా. మా భాషలో ఒంటెపిల్ల.
లోకం కాలిపోయిన చాలా ఏళ్ళకి
నేలమాళిగ తలుపు భుజంతో తోసుకుని
మొదటిసారి ఎండ చూడబోతోంది.

పంచడానికి నలభై పాయింట్లే ఇచ్చారు.
చురుకుకి పది. చూపుకి తొమ్మిది.
అదృష్టానికి ఎనిమిది, అక్కడ పిసినారితనం వద్దట.
తెలివి ఐదు, బలం నాలుగు, ఓర్పు మూడు.
అడుగూబొడుగూ గీకితే
మాటకి ఒకటి.

"ఒకటేనా?" అన్నాను.
"గురిచూసే వాళ్ళకి నోరెందుకు?" అన్నాడు దౌరెన్,
అంబులెన్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ.
ఆయన ఈ ఆట పదిహేడుసార్లు ముగించాడు.

ఆయన లెక్కలో
ధడధడా కాల్చేవాడు చేలో పడ్డ గుడ్డెద్దు.
ఎవడొచ్చినా గుండెకే కొట్టేవాడిది
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.
తేలుకైతే కళ్ళు.
ఇనప చొక్కా వాడికి మోకాలు.
తుపాకీ వాడికి తుపాకీ పట్టిన చెయ్యి.
చెయ్యి పోతే వాడూ మామూలు మనిషే,
పరిగెత్తుతాడు, పోనీ.

గురి పెట్టగానే ఆట ఆగుతుంది.
ఎదుటివాడు ఆకుపచ్చ గీతల బొమ్మయి నిలబడతాడు,
చుట్టూ భాగాల పేర్లు, పక్కన శాతాలు.
తల నలభై రెండు. కళ్ళు ఇరవై ఎనిమిది.
ఎడమ మోకాలు అరవై ఒకటి.

నాకది వింతేం కాదు.
నా బల్ల మీది చీటీల్లోనూ ఇవే పేర్లు.
కుడి మణికట్టు, మంచు మీద జారిన టీచరమ్మది.
ఎడమ మోకాలు, గుర్రం తన్నిన కుర్రాడిది.
దవడ, ఎవరు కొట్టారో చెప్పనామెది.
నా గదికి మనిషంతా ఎప్పుడూ రాడు.

"ఎంత ఎదిగినా తొంభై ఐదు దాటదు" అనేవాడు దౌరెన్.
"ముక్కుకి ముక్కు ఆనించి కొట్టినా సరే.
ఆ ఐదు ఎవడి కోసం దాచారో
ఆట రాసినవాడికీ తెలీదు."

నిన్న తెల్లవారుజామున మూడింటికి
ఆయనే చీటీ పట్టుకొచ్చాడు.
ఛాతీ. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.
చొక్కా విప్పి మడతపెట్టి కుర్చీలో పెట్టాడు
చుట్టపుచూపుగా ఎవరింటికో వచ్చినట్టు.
"దగ్గు. ఆకులు రాలినప్పట్నుంచీ."

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో
సైనికులొచ్చి పిల్లల్ని గోతిలో బోర్లా పడుకోమనేవారట,
ఆకాశం వంక చూడొద్దని.
ఆయన చూశాడు.
అది ఎప్పుడో ఒకసారి చెప్పాడు,
టైరు మార్చిన సంగతి చెప్పినట్టు.

"చల్లగా ఉంది నీ పలక" అన్నాడు.
నేను సీసం తలుపు వెనక్కి వెళ్ళాను.
ఊపిరి బిగపట్టండి. కదలకండి.
బోతా చేత కాల్పించే ముందు
నేనూ ఇలాగే బిగపడతాను, ఎందుకో.

ఇక పీల్చండి.

బొమ్మ వచ్చింది.
కుడివైపు, పైన,
ఇరవై తెంగేల బిళ్ళంత తెలుపు.
చెప్పాల్సింది డాక్టరు. నేను కాదు. అది రూలు.

"ఎంత శాతం?" అన్నాడు
గుండీలు పెట్టుకుంటూ. ఒకటి తప్పిపోయింది,
చొక్కా ఒకవైపు కిందికి వేలాడుతోంది.
నా నోట్లో వెతికితే ఒక్క పాయింటే ఉంది.
"టీ తాగుదాం" అన్నాను.

పాలు పోసిన టీ, చెరి రెండు గిన్నెలు.
తెర మీద బోతా వంతెన దగ్గర ఆగి ఉంది.
అవతలి ఒడ్డున ఎవడో, చేతిలో తుపాకీ,
తన వంతు కోసం మర్యాదగా చూస్తున్నాడు.
పైన అక్షరాలు మిణుకుతున్నాయి,
కొత్త మెట్టు ఎక్కావు, ఒకటి పెంచుకోమని.

దౌరెన్ వంగి, "చూపుకే వెయ్యి, పది అవుతుంది" అన్నాడు.
నేను మాటకి వేశాను.

"పాడుచేశావు కదే పిల్లని!" అని నవ్వాడు,
నవ్వు దగ్గయింది.
అది తగ్గేదాకా
వంతెన మీద ఎవరినీ
కదలనివ్వలేదు నేను.