వినబడినవి

నారిన్ ఊరు దాటాక రోడ్డు రాళ్ళలోకి జారిపోయింది.
మా పాత నీవా కారు రెండో గేరులో, ఉబ్బసం మనిషిలా,
మలుపు మలుపుకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.
వెనక సీట్లో గుడారం, కిరోసిను స్టవ్వు,
ఎండబెట్టిన ఉప్పు పెరుగు ఉండల సంచి,
తాష్తన్ దుర్భిణి. దాని పట్టీ
మా పెద్దాడి బడిసంచీది, సిరా మరక ఇంకా పోలేదు.

ముప్ఫై రెండేళ్ళు ఈ కనుమల మీదే లారీ తోలాడు మా ఆయన.
ఏ వంతెన ఏ వరదకి కొట్టుకుపోయిందో చెబుతాడు,
గడ్డం రాబందుని మొదటిసారి ఎక్కడ చూశాడో చెబుతాడు.
ఆ రోజు సరుకు మూడు గంటలు ఆలస్యమైందట,
జీతం కోశారట.
ఆ కోతని ఇప్పటికీ పతకంలా చూపించుకుంటాడు.

అతని పిట్టల లెక్క రాసేది డిపో వాళ్ళ పద్దు పుస్తకంలో.
"డీజిలు" కొట్టేసి "కనబడినవి" అని,
"కిలోమీటర్లు" కొట్టేసి "వినబడినవి" అని.

రెండో రాత్రి, అర్చా పుల్లల పొగకి కళ్ళు మండుతుంటే
టీ కాగేదాకా ఊరికే పేజీలు తిప్పాను.
అటు మొన్నటి ఏడు, వినబడినవి: ఒక గుడ్లగూబ,
పక్కన ప్రశ్నార్థకం.
నిరుడు: ఖాళీ.
ఈ ఏడు ఆ గడి గీయనే లేదు.

ఇన్నాళ్ళూ నా మాట పెడచెవిన పెడుతున్నాడనుకున్నాను.
ఉప్పు తెమ్మంటే ఊఁ కొట్టి కదలనప్పుడు,
ఫోను మోగుతుంటే కిటికీలోంచి కొండని చూస్తూ కూచున్నప్పుడు
ఎన్నేసి మాటలన్నాను!
వాటిలో సగం అతన్ని చేరనే లేదు.
అది నా అదృష్టమో కాదో
గ్లాసుల్లో పాలు పోస్తూ తేల్చుకోలేకపోయాను.
అడగలేదు.

తెల్లారి, గొర్రెల వెంట గుర్రం మీదొచ్చిన జొల్దోష్ అనే కుర్రాడు
"కొడవలిముక్కు కోసమా? ఏరు మూడు పాయలయ్యే చోట" అన్నాడు.
దారి చూపినందుకు డబ్బొద్దన్నాడు.
దుర్భిణి అడిగి తీసుకుని
పదడుగుల దూరంలో నిలబడ్డ తన గుర్రాన్నే
చాలాసేపు చూసుకున్నాడు.

గులకరాళ్ళ మీద బోర్లా పడుకున్నాం ఇద్దరం.
మోచేతులు చల్లబడ్డాయి, ఆకలేసింది, మబ్బు కమ్మింది, విడిపోయింది.
అప్పుడు కూసింది
ఎడమ వైపు, వెనగ్గా, నీళ్ళ హోరుని చీల్చుకుంటూ,
గాజు గ్లాసుని చెంచాతో గబగబా కొట్టినట్టు.
తాష్తన్ కుడివైపే చూస్తున్నాడు,
ఎంత శ్రద్ధగానో.

అతని అరచేయి తెరిచి
వేలితో కొట్టాను: టక్ టక్ టక్ టక్ టక్.
మా ఆయన తల తిప్పలేదు. చాలాసేపు తిప్పలేదు.
చేయి మాత్రం లాక్కోలేదు.
"నాలుగా?" అన్నాడు చివరికి.
"ఐదు."
అప్పుడు నా చూపు వెంబడి చూశాడు.

రాళ్ళ మధ్య ఒక రాయి లేచి నడిచింది.
బూడిద ఒళ్ళు, మసి మొహం,
ఎర్రగా వంగిన ముక్కు.
నీళ్ళలోకి దిగి, మెడ ముంచి, ఏదో మింగి,
మళ్ళీ రాయైపోయింది.

"కనబడినవి" కింద ఒకటి వేశాడు.
పెన్సిలు పక్క గడి మీద కాసేపు ఆడి,
నా చేతిలోకి వచ్చింది.
ఎలా రాస్తారో నాకేం తెలుసు?
ఐదు గీతలు గీశాను, చివరిది కాస్త పొడుగ్గా.

దిగేటప్పుడు వెనక లారీ హారన్ కొడుతుంటే
అతని మోకాలి మీద తట్టాను.
పక్కకి తీశాడు. లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది.
దుమ్ము అణిగేదాకా ఇంజను ఆపి కూచున్నాం.
"ఎప్పట్నుంచి తెలుసు?"
"మొన్న రాత్రి నుంచి."
తల ఊపాడు. తాళం తిప్పాడు. నీవా దగ్గింది.

కొంత దూరం పోయాక అన్నాడు,
రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా,
"ఉప్పు తెమ్మన్నావు చూడు బురుల్,
అది మాత్రం ప్రతిసారీ వినబడింది."