గీతల్లేని ఏనుగు

అంగన్‌వాడీ టీచరు అప్పిచ్చిన పుస్తకం.
శనివారానికి తిరిగిచ్చెయ్యాల.
పదహారు పేజీలు, ఆఖరిది నేదు.
ఎవులింట్లోనో ఏ గుంటో నమిలేసుంటాది.

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టొచ్చిన చేతులు
బూడిదేసి తోమి, ఆముదం రాసి
ఒళ్లో ఎట్టుకుంటాను.
పేజీలు మా మోక్షిత తిప్పుతాది.
ఆ పేరు ఎట్టింది దాని నాన్న.
నాకు నోరు తిరగదు, మొచ్చీ అంతాను.

కథేటంటే, ఒక ఏనుక్కి
వానొస్తే ఏ గొడుగూ చాలదు.
అంతే.
నాను అక్షరానికి అక్షరం కూడబలుక్కుని
గొ... డు... అనీలోగా
అది బొమ్మ చూసి చెప్పేస్తాది.
"బేగి చదువమ్మా, ఏనుగు తడిసిపోతంది."

"చదివి ఊరుకోకు, కథని ఆడించు" అంది టీచరు.
నానాడించీదేటి, అదే నన్నాడిస్తంది.

సోమారం నాను ఏనుగు.
చీర కొంగు తొండం.
చేట నెత్తిమీదెట్టి, చాల్లేదంది.
గిన్నె మూత, చాల్లేదంది.
దాని నాన్న ఆటో సీటు కవరు పీకి తెచ్చి
ఇదీ చాల్లేదంది.
పక్కింటి ఊర్మిళ గుమ్మంలోంచి చూసి
"నీకేటొచ్చిందే!" అని నవ్వి
ఆల గంపొకటి తెచ్చి తనూ ఆటలో కూకుంది.

మంగళారం చినుకుల లెక్క.
బొమ్మలో చినుక్కో చింతపిక్క.
పదకొండు దాకా బాగానే ఎల్లి
పన్నెండు మింగేసి పదమూడంతాది.
ఫ్యాక్టరీ కాటా దగ్గర నాకూ అంతే,
ఎక్కడో ఒకటి మింగేస్తారు.
"మళ్లీ లెక్కెట్టు" అన్నాను దాంతోటి.
ఆ మాట అక్కడ అనడం నాకింకా రానేదు.

బుధవారం ముగ్గుతో గుమ్మంలో 'గ' రాసింది, తిరగేసి.
తప్పే అంటే, "తప్పు కాదు, తొంగుంది" అంది.

గురువారం బొటనేలి ఏనుగులు.
బట్టల నీలిమందు సీసా మూతలో పోసి
దాని ఏలు అద్దితే
సన్న సన్న గీతలు, చుట్లు చుట్లు,
చిన్న మడి దున్నినట్టు.
నాలుగు కాళ్లు గీసి తోకెట్టింది.
"ఇప్పుడు నీది."

అద్దేను.
నున్నగా, ఒట్టి నీలి మరక.
పదకొండేళ్లుగా జీడిసొన తిన్న ఏలు ఇది.
రేషను డిపోలో మిషను మూడుసార్లు తుడిపించి
నువ్వు నువ్వు కాదంతాది.

మొచ్చి కాగితం ముక్కు దాకా ఎట్టుకు చూసింది.
"దీనికి గీతల్లేవేటి?"
నానేటి చెప్పను.
మళ్లీ అదే అంది:
"వానలో తడిసింది కదా. కడుక్కుపోనాయి."
పెద్ద చెవులు గీసింది. కన్నెట్టింది.

శుక్రవారం రాత్రి.
ఆఖరి పేజీ నేదు కదా, తెల్లకాగితం మీద మేమే గీసేం:
తిత్లీ గాలికి రేకులెగిరిపోయిన కాణ్ణించీ
మార్చి మార్చి కప్పుకుంటున్న మా నీలం టార్పాలిన్,
నాలుగు మూలలా నాలుగు రాళ్లు,
కింద గీతలున్న ఏనుగు, గీతల్లేని ఏనుగు.
"సరిపోనాది, అని రాయి" అంది.
రాసేను. ఐదక్షరాలు, ఎవులూ చెప్పకుండా.
సరిపోయింది అని రాయాలేమో, టీచరు దిద్దుతాదేమో.
అలాగే ఉంచీసి
అన్నం మెతుకులతో అతికించేను.

మబ్బేసుంది.
పుస్తకాన్ని ఇంట్లో కారని మూలనెట్టి
దాని పక్కని పిల్లని తొంగోబెట్టేను.