మీదున్నది ఎవరిది

పార్క్‌లేన్ల మెట్లు దిగంగనే మూడో షట్టర్ నాది.
బోర్డు మీది అక్షరాలు సగం రాలిపోయినయ్,
తెలిసినోళ్లే వస్తరు.
ఆ పొద్దు జోరు వానల, స్కూటీ మీద కాళ్ల నడుమ
దుప్పట్ల చుట్టిన సీపీయూ పెట్టుకొని
సఫిల్‌గూడ నుంచి వచ్చిందా పిల్ల.
రసీదు మీద పేరు రాసిన, హిమజ అని.
"డబ్బా నువ్వే ఉంచుకో అన్నా,
దాని కడుపుల ఇరికిందే నాక్కావాలె."

పదిహేడేండ్ల కిందిది.
గుండీ నొక్కితే ఒక్కసారి గుర్రుమని
మళ్ల ముడుచుకొని పంటది,
తలుపు సందుల నుంచి చూసి
ఇంట్ల ఎవ్వరు లేరని చెప్పే పిల్లగాని లెక్క.

ముందుగాల కరెంటు బందు వెట్టాలె.
మూతి కింద నువ్వుగింజంత బొక్క ఉంటది,
చానమంది ఎన్నడు చూసి ఉండరు.
కాయితాల పిన్ను సాపు జేసి నిటారుగ దూర్చాలె.
పొడవొద్దు, అడగాలె.
లోపల పాలపన్ను కదిలినట్టు వేలికి తెలుస్తది,
అప్పుడు ఊపిరి పట్టి ఇంకింత.
"ఆహిస్తా మియా" అనేటోడు ఖదీర్ భాయ్,
పని నేర్పినాయన.
ఇప్పటికి పిన్ను పట్టుకుంటె చెవుల గదే మాట.

అర ఇంచు వచ్చి ఆగింది తలుపు.
గుంజితే విరుగుతది.
పక్కన మనిషి నిలబడితే నాకు చెయ్యాడదు,
చాయ్ తాగి రాపో అమ్మా అని పంపిన.

నాలుగు మరలు ఊడదీసి రేకు లేపితే
ఒక్క పళ్లెంల రెండు రొట్టెలు వేసినట్టు
ఒకదాని మీద ఒకటి
రెండు డిస్కులు.
మీద దానికి గోర్ల రంగుతో హిమజ.
లేపి చూస్తే కింద నీలి స్కెచ్ పెన్నుతో వినీల్,
లకారం కొమ్ము అంచు దాటిపోయింది.

నడుస్తదా అని అడుగుతదనుకున్న.
గడప దాటకముందే
"మీదున్నది ఎవరిది?" అన్నది.

తర్వాత చెప్పింది, చున్నీ కొస పిండుకుంట.
ఎండకాలం సెలవులు. నాది ముందంటె నాది ముందని కొట్లాట.
తెల్లారి తలుపు తెరుసుకోలే.
నేను కాదంటె నేను కాదన్నరు ఇద్దరు.
కంప్యూటరుకు ఇంక తొమ్మిది కంతులు బాకీ.
దెబ్బలు తమ్మునికే పడ్డయ్.
"మొన్న వాని నిశ్చితార్థంల గూడ తీసిండు అన్నా ఆ మాట.
నవ్వుకుంటనే తీసిండు."

నా రెండు చేతులల్ల రెండున్నయ్.
"అతుక్కొని వచ్చినయ్ బిడ్డా, నేను చూడలే" అన్న.
ఇరవై రెండేండ్ల బేరంల
పాత పార్టును కొత్తదని అమ్మినోణ్ని కాదు.

ఆమె రెండిట్ని ట్యూబులైటు కింద తిప్పింది.
ఒకదాని అద్దం ఇంకా మొఖం చూసుకునేటట్టు ఉన్నది.
ఇంకోదానికి నడుమ గుండ్రంగ గీత,
కింద దానికి రాసుకొని రాసుకొని పడ్డది.
గీత ఉన్నదాన్ని బోర్ల తిప్పి
గోర్ల రంగు దిక్కు చూసుకున్నది.
నేను మరల డబ్బీ వెతికిన,
అది నా ముంగటే ఉన్నది.

మూడొందలు బల్ల మీద పెట్టింది.
డబ్బా నాకే వదిలేసి, మెట్ల మీద నిలబడి, ఫోన్ తీసింది.
"ఒరేయ్ వినీల్..."
వాన చప్పుడే కొంతసేపు.
"ఏం లేదురా. అన్నం తిన్నవా?"

అప్పటికి సాయంత్రం నాలుగున్నర.